ఆగుట యెఱిగిన పనిముట్టు

సికింద్రాబాదు రాణిగంజులోని పనిముట్ల అంగళ్లలో గాని, విజయవాడలోనో విశాఖపట్టణములోనో ఏదేని పెద్ద ఇనుపసామాను దుకాణమునందు గాని నేడు ప్రక్కప్రక్కన పేర్చి యుంచు రెండు చిన్న యంత్రములను చూచినవారికి అవి రెండును ఒకటే యను భ్రాంతి కలుగుట సహజము. రెండింటికిని పిస్తోలు వంటి పిడి, చూపుడువ్రేలి క్రింద మీట, అడుగున బ్యాటరీ యుండును. రెండును స్క్రూలను బిగించును, రెండును ఎంతో కొంత రంధ్రము చేయును. ఒకటి డ్రిల్లు, రెండవది ఇంపాక్టు డ్రైవరు. రెండవది పొట్టిది, తేలికైనది. ఐనను దాని పెట్టెమీద అచ్చొత్తిన త్రిప్పుబలము, అనగా అంగడివారు టార్కు అని చెప్పు సంఖ్య, మొదటిదాని సంఖ్యకు ఇంచుమించు మూడింతలుండును. పదునెనిమిది వోల్టుల డ్రిల్లు పెట్టెమీద 50 లేక 60 న్యూటన్ మీటర్లని కనబడినచో, అదే సంస్థ చేసిన ఇంపాక్టు డ్రైవరు పెట్టెమీద 150 మొదలు 180 వరకు ఏదో ఒక సంఖ్య కనబడును. ధరలో పెద్ద వ్యత్యాసము లేదు. పరిమాణము తక్కువ, బలము ఎక్కువ. ఇంక ఆలోచింపవలసినదేమున్నదని కొనుగోలుదారుడు రెండవదానిని చంకబెట్టుకొని యింటికి పోవుచున్నాడు. ఆ యెన్నిక అధికసంఖ్యాకులైన గృహస్థుల విషయమున తప్పని నా దృఢాభిప్రాయము. గృహస్థుడు మొదట కొనదగినది డ్రిల్లే. ఇంపాక్టు డ్రైవరు దినమంతయు స్క్రూలు బిగించి జీవనము చేయువారి సొత్తు. వారికిని అది రెండవ పనిముట్టుగ నుండదగును గాని యేకైక సాధనముగ నుండదగదు. నేనిట్లనుటకు హేతువు బలాబలముల తారతమ్యము కాదు. బలమును ఎచ్చట నిలుపవలెనో యెఱిగిన యేర్పాటు ఒకదానియందుండి మరియొకదానియందు లేకపోవుటయే.

ఈ మాటను వివరించుటకు ముందు డ్రిల్లు యొక్క పుట్టుపూర్వోత్తరములను ఒకింత స్మరించుట యుచితము. మన వడ్రంగులు తరతరములుగ వాడిన బరమాను ఎఱిగినవారు ఇంకను పల్లెలలో కలరు. ఒక చేయి దాని తలమీది పిడిని పట్టి అదుముచుండగా, రెండవ చేయి త్రాడు బిగించిన కోలను ముందు వెనుకలకు లాగుచుండును. ఆ త్రాడు బరమా నడుమును చుట్టుకొని యుండుటచేత అది యొకమారు కుడికిని, ఒకమారు ఎడమకును తిరుగుచు కఱ్ఱను తొలిచికొని పోవును. మొన ముడికి తగిలినంతనే కోల బరువెక్కును. అవతలి ముఖమును సమీపించినంతనే తేలికపడును. ఎంత అదుమవలెనో, ఎప్పుడు సడలింపవలెనో అరచేతికి ఎప్పటికప్పుడు తెలియుచుండును. విద్యుచ్ఛక్తి వచ్చి ఆ శ్రమను హరించినది. దానితోపాటు ఆ యెఱుకలో కొంత భాగమును గూడ హరించినది. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఆర్నాట్, బ్రెయిన్ అను నిరువురు విద్యుత్తుతో తిరుగు డ్రిల్లునకు పేటెంటు పొందిరి. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టున ఫైన్ సంస్థవారు దానిని చేతబట్టి తిరుగదగినదిగ రూపొందించిరి. 1917లో అమెరికాలోని బాల్టిమోరునకు చెందిన బ్లాక్, డెకర్ అనువారు పిస్తోలు పిడిని, వ్రేలితో నొక్కు మీటను చేర్చిన రూపమునకు పేటెంటు పొందగా, నేటికిని మన చేతులలో నున్నది ఆ రూపమే. తీగతో పనిలేని డ్రిల్లును ఆ సంస్థయే 1961లో విపణికి తెచ్చినది; అప్పటి నికెల్ కాడ్మియం బ్యాటరీల బరువును, అల్పాయువును భరించుచు నలువది సంవత్సరములకు పైగా వేచిన పిమ్మట, 2005 ప్రాంతమున లిథియం అయాన్ బ్యాటరీలు ఈ యంత్రములలో ప్రవేశించి, కొండమీది గుడికైనను, కరెంటు రాని కట్టడమునకైనను సంచిలో పెట్టుకొని పోదగిన శక్తిని వడ్రంగి కొసగినవి.

తీగలేని డ్రిల్లు చంద్రమండలమునకు గూడ పోయినది. 1971లో అపోలో 15 యాత్రికులు స్కాట్, ఇర్విన్ లిరువురును అచ్చటి నేలను తొలిచి ఉష్ణమాపక శలాకలను దించుటకును, మట్టి నమూనాను తీయుటకును బ్యాటరీతో నడుచు డ్రిల్లును కొనిపోయిరి. అది తిరుగుచు కొట్టు జాతి యంత్రము. బలమునకు కొదువ లేదు. ఐనను అనుకొన్న లోతునకు పోలేదు. నమూనా గొట్టమును పైకి లాగుటకు ఇరువురును భుజములొడ్డవలసి వచ్చినది. తొలుచు కాడల అతుకులవద్ద గాడి తెగిపోయి, లోపల పొడియైన మన్ను పైకి వచ్చు త్రోవలేక కాడను బిగబట్టుటయే అందులకు కారణమని తేలగా, మరుసటి సంవత్సరము అపోలో 16 నాటికి కాడల రూపమును మార్చిరి. మోటారును పెద్దది చేయలేదు. భూమిమీది అంగళ్లలో ఈ వృత్తాంతమును ఎవరును చెప్పరు గాని, బలమును గూర్చిన మన వ్యామోహమునకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు.

డ్రిల్లు నిర్మాణము సులభగ్రాహ్యము. ముందు మూడు దవడల చక్ ఉండును. అది పది లేక పదుమూడు మిల్లీమీటర్ల వరకు ఎట్టి గుండ్రని కాడనైనను పట్టును. పైన ఒక మీట చేత వేగము రెండు విధముల మారును: నెమ్మది గతిలో నిమిషమునకు నాలుగైదు వందల చుట్లు, త్వరిత గతిలో పదునేను వందలు మొదలు రెండు వేల చుట్లు. మొదటిది స్క్రూలకును పెద్ద రంధ్రములకును, రెండవది సన్నని బిట్లకును తగినది. చక్‌నకు వెనుకనున్న వలయముమీద 1 మొదలు 15 వరకో 20 వరకో అంకెలుండి, చివర డ్రిల్లు బిట్టు బొమ్మ యుండును. కొనినవారిలో పలువురు ఆ వలయమును ఒక్క మారైనను త్రిప్పి చూడరు. అది యెల్లకాలమును బిట్టు బొమ్మవద్దనే నిలిచియుండును. ఆ వలయమే క్లచ్చు. అంకె యెంత చిన్నదో, అంత స్వల్పమైన ప్రతిఘటనకే యంత్రము తన పట్టును వదలి టకటకమని జారుచు, లోపలి మోటారు తిరుగుచున్నను స్క్రూను ముందునకు పోనీయదు. స్క్రూ తల పలకమీద ఆనిన క్షణముననే బలము ఆగిపోవును. మీటమీది వ్రేలు ఒక్క క్షణము ఆలస్యమైనను నష్టము లేదు. డ్రిల్లునందు నాకు మిక్కిలి గౌరవము కలిగించు భాగము మోటారు కాదు, ఈ క్లచ్చే.

ఇంపాక్టు డ్రైవరు మార్గము వేరు. దానికి చక్ లేదు. పావు అంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్ల షట్కోణపు కాడ గల బిట్లను మాత్రమే పట్టు గుంట యుండును. లోపల బిట్టును పట్టిన ఇరుసు చివర రెండు చెవులు గల దాగలియు, దాని వెనుక మోటారుచేత తిరుగు ఇరుసుమీద బలమైన స్ప్రింగు అదుముచుండగా నిలుచు సుత్తెయు కలవు. స్క్రూ తేలికగ దిగుచున్నంతవరకు సుత్తెయు దాగలియు జోడుగ తిరుగును. అప్పుడది సామాన్యమైన స్క్రూడ్రైవరే. ప్రతిఘటన హెచ్చి దాగలి మొరాయించినప్పుడు, సుత్తె తన ఇరుసుమీది ఏటవాలు గాడిలోని ఉక్కు గుండ్లమీదుగ స్ప్రింగును నొక్కుచు వెనుకకు జరిగి, దాగలి చెవులను దాటి, స్ప్రింగు విసరుటచేత ముందుకు దూకి తరువాతి చెవులను ప్రక్కనుండి బలముగ మోదును. ప్రతి యర్ధపరిభ్రమణమునకు ఒక దెబ్బ. నిమిషమునకు మూడు వేలకు పైబడిన దెబ్బలు. ఈ దెబ్బ స్క్రూను గోడలోనికి తోయునది కాదు, స్క్రూ తిరుగు దిశగనే తగులునది, అనగా చుట్టుదెబ్బ. దెబ్బ క్షణములో వేయవ వంతు వంటి స్వల్పకాలమునకే పరిమితమగుటచేత పట్టిన చేతికి మెలి తగులదు. బిట్టు స్క్రూ తలలోని గాటునుండి పైకి ఎగబ్రాకి జారుటకును వ్యవధి చిక్కదు. స్టార్ తల గల స్క్రూలు డ్రిల్లు క్రింద ఎంత సులభముగ అరిగిపోవునో యెఱిగినవారికి ఇది సామాన్య సౌకర్యముగ తోచదు. ఇంత యద్భుతమైన యంత్రమును నేను నిందించుచున్నానని తలపవలదు. దీనికి క్లచ్చు లేదని మాత్రమే చెప్పుచున్నాను. కొన్నింటిలో రెండు మూడు వేగముల బొత్తాములున్నను, స్క్రూ తల పలకకు ఆనినదని దానియంతట అది గ్రహించి యాగునవి అరుదు. ప్రతిఘటన హెచ్చుట డ్రిల్లు క్లచ్చునకు ఆగుమను ఆజ్ఞ కాగా, ఇంపాక్టు డ్రైవరునకు కొట్టుమను ఆజ్ఞ యగుచున్నది.

ఇంక పెట్టెమీది సంఖ్యల సంగతి. డ్రిల్లు 60 న్యూటన్ మీటర్ల బలమును చూపినచో, అంత బలమును ఎదురుగ భరించునది మన మణికట్టే. ఇరుసునుండి పిడికిలి నడిమికి పదునైదు సెంటీమీటర్ల దూరమున్నదనుకొన్నచో, ఆ మెలిని నిలుపుటకు 400 న్యూటన్లు, అనగా నలువది కిలోల బరువును ఎత్తినంత బలము కావలెను. బిట్టు గోడలోని ఇనుపకడ్డీకి తగిలి హఠాత్తుగ బిగిసినప్పుడు నిచ్చెనమీదివాడు క్రిందపడుటకు కారణమిదియే. బలమైన డ్రిల్లునకు ప్రక్కపిడిని బిగింపుడని సంస్థలు చెప్పుటయు ఇందులకే. ఇంపాక్టు డ్రైవరుమీది 170 అట్టిది కాదు. ఒక్కొక్క దెబ్బ శిఖరమున క్షణమాత్రము నిలుచు బలమును ఏదో యొక ప్రయోగశాలాపద్ధతిని కొలిచి వ్రాసిన సంఖ్య యది. అవిచ్ఛిన్నముగ త్రిప్పు బలముతో దానికి పోలిక లేదు. డ్రిల్లు విషయమునందే మెత్తని పదార్థములో ఇంత, గట్టి బిగింపులో ఇంత అని సంస్థలు రెండు సంఖ్యలు ప్రకటించి, పెట్టెమీద పెద్దదానిని పెద్ద అక్షరములతో అచ్చువేయుచున్నవి. ఒకే కొలమానముతో కొలువని రెంటిని ఒకే పంక్తిలో వ్రాసి పోల్చుకొమ్మనుట వర్తకనీతికి తగినది కాదు. ఒక ప్రామాణికమైన కొలతపద్ధతిని పేర్కొననిదే టార్కు సంఖ్యను పెట్టెమీద అచ్చువేయరాదని నియమము వచ్చినచో, అది వినియోగదారునకు నిజమైన మేలు.

దీనికి తోడు మన విపణిలో మరియొక గందరగోళము కలదు. గోడకు రంధ్రములు చేయు తీగ డ్రిల్లును మన దుకాణములలో చాలకాలముగ ఇంపాక్టు డ్రిల్లని యమ్ముచున్నారు. దానిలోని దెబ్బ వేరు: పండ్లు గల రెండు బిళ్లలు ఒకదానిపై నొకటి ఒరయుచు బిట్టును ముందు వెనుకలకు ఆడించుటచేత గోడ నుగ్గగును. ఆ పేరు విని యలవాటుపడినవారు ఇంపాక్టు డ్రైవరు గూడ గోడను పగులగొట్టునని తలచి, గీజరు తగిలింపవలెననియో కర్టెను కడ్డీలు బిగింపవలెననియో దానిని కొనుచున్నారు. చుట్టుదెబ్బ ఎంత వేసినను సిమెంటు కాంక్రీటు చలింపదు. బిట్టు వేడెక్కి మొన నల్లబడుటయే ఫలము. ఎఱ్ఱ ఇటుక గోడకు హామరు మీట గల సామాన్యపు డ్రిల్లు చాలును. శ్లాబునకును స్తంభమునకును అదియు చాలదు. గాలిని అదిమి ముషలమువలె మోదు రోటరీ హామరు, దానికి ఎస్.డి.ఎస్. కాడ గల బిట్టు కావలెను. ఏడాదికి రెండు రంధ్రములు చేయువాడు దానిని కొనుట కంటె ఆ పనివానిని పిలుచుకొనుట మేలు. నూతన గృహములలో విరివిగ వాడు తేలిక సిమెంటు దిమ్మెల గోడకైతే హామరు మీటను వేయనే కూడదు. వేసినచో రంధ్రము గుల్లయై ప్లగ్గు నిలువదు. స్నానపుగదిలోని పలకలకును మొదట హామరు లేకయే, పలక దాటువరకు నెమ్మదిగ, నీళ్లు చిలుకరించుచు తొలువవలెను. ఈ నాలుగింటిలో ఒక్కదానియందైనను ఇంపాక్టు డ్రైవరునకు పని లేదని పాఠకుడు గమనింపవలెను. మన యిండ్లు కఱ్ఱతో కట్టినవి కావు, ఇటుకతోను కాంక్రీటుతోను కట్టినవి. అమెరికాలో ఇంటి గోడలే కఱ్ఱచట్రములు. అచ్చటి గృహస్థుడు పెరటి అరుగును సహితము పలకలతో పరచుకొని వందలకొలది పొడుగు స్క్రూలు బిగించును. అచ్చటి సలహాను అచ్చముగ ఇచ్చట అనువదించి వినిపించు చలనచిత్రములను ఫోనులో చూచి కొనువారు ఈ భేదమును మరచుచున్నారు.

కఱ్ఱపనికి వత్తము. మన ప్రాంతమున సింహద్వారమునకు టేకు తలుపును, ఇత్తడి బందులను కోరుట ఇంకను పోలేదు. పాత టేకు యొక్క చేవ యెట్టిదో ఉలిపట్టినవారికి తెలియును. ఇత్తడి స్క్రూ యెంత మెత్తనిదో దానిని విరిచినవారికి తెలియును. నిపుణుడైన వడ్రంగి మొదట స్క్రూ నడుము కంటె సన్నని రంధ్రమును చేసి, ఆ రంధ్రమున అదే కొలత ఇనుప స్క్రూను ఒకమారు ఎక్కించి దింపి, చుట్లకు త్రోవ యేర్పరచి, పిమ్మట ఇత్తడి స్క్రూకు ఒకింత మైనము రాచి, చేతి స్క్రూడ్రైవరుతోనో, తక్కువ అంకెకు త్రిప్పిన డ్రిల్లుతోనో బిగించును. ఈ పద్ధతి నాలుగు దశలది. తొందరపడువానికి ఒక్కటియు నచ్చదు. ఆతడు ఇంపాక్టు డ్రైవరును తీసికొని, రంధ్రమైనను చేయక, ఇత్తడి స్క్రూను టేకుపై నిలిపి మీట నొక్కును. చేవ మొరాయించును, సుత్తె దూకును, మూడవదో నాలుగవదో చుట్టున స్క్రూ మెడ తెగి తల నేలపై పడును, మొండెము తలుపులోనే మిగులును. ఆ మొండెమును తీయుటకు దాని చుట్టును తొలిచి, కఱ్ఱబిరడా కొట్టి, మరల రంధ్రము చేయవలెను. లేదా బందును అంగుళము క్రిందికి దింపి పాత గుంటలను లప్పముతో పూడ్చవలెను. లక్ష రూపాయలకు చేరువగ ఖర్చుపెట్టి చేయించిన తలుపుమీద లప్పపు మచ్చలను చూచినప్పుడు, ఆ వడ్రంగి చేతికి బలము చాలలేదని యెవరందురు?

వంటగదిలో అమర్చు అలమారల విషయమును ఇట్టిదే, ఐతే అచ్చట శత్రువు కాఠిన్యము కాదు, మెత్తదనము. పదునెనిమిది మిల్లీమీటర్ల మందము గల రంపపుపొట్టు పలకలోనికి పదునారు మిల్లీమీటర్ల స్క్రూ దిగును. దానిని పట్టి యుంచునది జిగురుతో అంటిన పొట్టు మాత్రమే. స్క్రూ తల బందు రేకునకు ఆనిన తరువాత అర్ధచుట్టు ఎక్కువైనచో లోపలి చుట్లు చిదిగిపోయి, స్క్రూ గిరగిర తిరుగుచుండును. అప్పుడు అగ్గిపుల్లలను జిగురులో ముంచి రంధ్రములో దూర్చి బిగించుట మన పనివారి చిరకాల చికిత్స. అది నిలుచునంత కాలము నిలుచును. ఇట్టి తలుపుల బందులకై చేయు ముప్పదియైదు మిల్లీమీటర్ల గుంటను గూడ డ్రిల్లే చక్కగ తొలుచును. జిప్సం పలకల పైకప్పునందు స్క్రూ తల కాగితమును చింపకుండ, దానిని ఇసుమంత లోనికి అదిమి ఆగవలెను. కాగితము చిరిగినచో పట్టు పోవును. ఇవన్నియు క్లచ్చు పనులు. నేర్పరియైన పనివాడు ఇంపాక్టు డ్రైవరుతోను వీనిని చక్కబెట్టగలడు, ఎట్లన, మీటను సగము మాత్రమే నొక్కి, మొదటి దెబ్బ వినబడినంతనే వ్రేలు తీసి. అనగా యంత్రమునందు లేని క్లచ్చును ఆతడు తన వ్రేలియందు సంపాదించుకొన్నాడు. అందరికిని ఆ వ్రేలు ఉండదు.

ఐతే ఇంపాక్టు డ్రైవరు రాజ్యమేది? రేకుల షెడ్డు. గోదాములకును, కోళ్లఫారములకును, కల్యాణమండపముల వెనుక వంటశాలలకును ఇనుప చట్రముమీద రంగు రేకులు పరచి, తనంతట తానే తొలిచికొని పోవు మొన గల స్క్రూలతో బిగించుట నేడు ఊరూర కనబడు పని. పొద్దుటినుండి సాయంకాలమువరకు వందలకొలది స్క్రూలు. కాలి క్రింద వాలుగ నున్న రేకు. ఒక చేతితో పట్టు, రెండవ చేతితో యంత్రము. అచ్చట మణికట్టును మెలిపెట్టని యంత్రము ప్రాణరక్షకము. తీగ లేకుండుట మరింత రక్షకము, ఏలయన ఒరపిడికి చర్మము చిట్లిన కరెంటు తీగ ఇనుపరేకుమీద పడినచో ఏమగునో చెప్పనక్కరలేదు. మంచముల కోళ్లకును, దూలములకును మూడంగుళములకు మించిన స్క్రూలు దింపునప్పుడును, తుప్పుపట్టిన బోల్టులను ఊడదీయునప్పుడును ఇంపాక్టు డ్రైవరునకు సాటి లేదు. ఇచ్చట డ్రిల్లును వాడుట మోటారునకు శిక్ష. ఐనను ఆ రాజ్యమునందును ఒక మెలకువ కలదు. రేకు స్క్రూ తల క్రింద నల్లని రబ్బరు వాషరుండును. అది కొలది ఉబ్బు వచ్చునంతవరకే బిగియవలెను. సుత్తె ఇంక రెండు మూడు దెబ్బలు వేసినచో వాషరు నలిగి ప్రక్కకు చీలి, రేకు చుట్టును సొట్టపడును. ఆ సొట్టలో నీరు నిలుచును. తొలకరి వానకే చుక్కలు కారును. బిగువు చాలక కారు షెడ్లకంటె బిగువు మించి కారు షెడ్లే హెచ్చని రేకుల పనివారే చెప్పుదురు.

ఇంపాక్టు డ్రైవరునందు ఎవరును పెట్టెమీద వ్రాయని దోషము మరియొకటి కలదు. అది దాని చప్పుడు. పని యందుండగా దాని ధ్వని చెవివద్ద 95 డెసిబెళ్లకు పైగ నుండును. క్లచ్చు డ్రిల్లు అంతకంటె ఎంతయో శాంతము. మన కర్మాగారముల నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లను హద్దుగ నిర్ణయించినవి. డెసిబెళ్ల లెక్కలో ఐదో పదో హెచ్చుట స్వల్పము కాదు. మూసిన గదిలో, ప్లైవుడ్ పెట్టెలోపల తల దూర్చి స్క్రూలు బిగించు యువకుని చెవులకు రక్షణ మిచ్చినవానిని నేను మన నగరముల గృహాలంకరణ స్థలములలో అరుదుగ చూచితిని. కర్మాగారమున కైన తనిఖీదారుడు వచ్చును; అపార్టుమెంటు తొమ్మిదవ అంతస్తునకు ఎవరు వత్తురు? పది ఇరువది రూపాయలకు దొరకు చెవిబిరడాలు గుత్తేదారుని లెక్కలో ఖర్చుగ కనబడుటయు, ఆ కుఱ్ఱవాని వినికిడి ఏ లెక్కలోను కనబడకపోవుటయు అన్యాయము. ఐ.టి.ఐ.లలో వడ్రంగము నేర్చు విద్యార్థులకు క్లచ్చు వలయపు అంకెలతోపాటు ఈ సంగతియు మొదటి వారముననే చెప్పవలెను.

మిగిలినది బ్యాటరీ ప్రశ్న. కొనువాడు యంత్రమును కొనుచున్నాననుకొనును. నిజమునకు బ్యాటరీని కొనుచున్నాడు. ఒక సంస్థ బ్యాటరీ సామాన్యముగ మరియొక సంస్థ యంత్రమున ఇమడదు; కావున మొదటి డ్రిల్లు కొనుట పిల్లనిచ్చి వియ్యమందుట వంటిది, తరువాత ప్రతి పండుగకును ఆ యింటికే పోవలసియుండును. వోల్టుల సంఖ్యలలోను వింతలు కలవు: 18 అని వ్రాసిన బ్యాటరీలోను, అమెరికాలో కొన్ని సంస్థలు 20 అని వ్రాయు బ్యాటరీలోను ఉండునవి అవే ఐదు ఘటములు, ఒకరు సగటు వోల్టులను, మరియొకరు పూర్తిగ నిండినప్పటి వోల్టులను చెప్పుచున్నారు. గృహస్థునకు మూడు ఘటముల 12 వోల్టుల డ్రిల్లు చాలును. అది తేలికగ నుండి నిచ్చెనమీద చేయి నొప్పింపదు. ఒకరి బ్యాటరీ మరియొకరి యంత్రమున ఇమడని చిక్కునకు విరుగుడుగ జర్మనీలో మెటాబో సంస్థ ముందునిలిచి 2018లో పెక్కు సంస్థల పనిముట్లకు ఒకే బ్యాటరీ చెల్లునట్లు కూటమి కట్టినది. ఐరోపా వారు ఫోనులన్నిటికిని ఒకే విధమైన చార్జరు గుంటను 2024 చివరినుండి చట్టముచేత విధించిరి. మనదేశమున 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమావళి పాత బ్యాటరీలను సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినది; మంచిదే. మోటారు బాగుండియు, ఆ బ్యాటరీ నమూనా విపణిలో దొరకనందున మూలబడు యంత్రముల సంగతి ఆ నియమావళికి అందలేదు. రెంటచింతల యెండలో రేకుమీద పెట్టి మరచిన లిథియం బ్యాటరీ ఎంత త్వరగ ముసలిదగునో కూడ కొనువారికి ఎవరును చెప్పరు. ఎండ వేడిమికి కాగిన బ్యాటరీని చార్జరునకు తగిలించినచో దీపము మెరయుచుండును గాని చార్జింగు సాగదు. చార్జరు చెడినదని తిరిగి తెచ్చువారు వేసవిలో హెచ్చని అంగడివారు నవ్వుచు చెప్పుదురు.

రెండింటిని ఒకే పెట్టెలో పెట్టి కొలది తగ్గింపుతో నమ్ముట నేడు వాడుకైనది. పనివానికి అది యుత్తమమైన బేరమని ఒప్పుకొందును. ఒకదానితో రంధ్రము, రెండవదానితో స్క్రూ. బిట్టు మార్చు పని తప్పుటచేతనే దినమునకు గంట కలిసివచ్చును. దానికి తగిన దెబ్బకు ఓర్చు బిట్లను కూడ కొనవలెను. సామాన్యమైన గట్టి ఉక్కు బిట్టు పెళుసై, చుట్టుదెబ్బకు మొన యెగిరిపోవును, ఒక్కొక్కప్పుడు కంటివైపే యెగురును. ఏడాదికి ఒకమారు అలమార బిగించుకొని, నాలుగు పటములు తగిలించుకొను గృహస్థునకు మాత్రము ఆ పెట్టెలో సగము అనవసరపు ఖర్చు. అట్టివారు అంగడికి పోయినప్పుడు టార్కు సంఖ్యను అడుగుట మాని, డ్రిల్లు చేతికి తీసికొని, క్లచ్చు వలయమును మూడవ అంకెకు త్రిప్పి, ఒక ప్లైవుడ్ ముక్కలోనికి చిన్న స్క్రూను దింపి చూపుమని యజమానిని కోరవలెను. మంచి యంత్రమైనచో తల ఆనినంతనే టకటకమని జారును, మరల అట్లే చేసినచో మరల అచ్చటనే జారును. నాసియైనచో ఒకమారు తల పలకలో మునుగును, ఒకమారు సగములోనే నిలుచును. ఈ పరీక్షకు రెండు నిమిషములు చాలును. చూపుటకు ఆ యజమాని సమ్మతింపనిచో, రాణిగంజులో ప్రక్క అంగడికి పది యడుగులే.